చెప్పిన రోజుకు రాని బొమ్మల కథ

మా డ్రాయింగు సారు పోయిన నెల ఒక సోమవారం తెల్లవారుజామున ప్రొద్దుటూరులో చనిపోయారు. గుండెనొప్పి. కబురు ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. చివర ఒక మాట చేర్చింది: "కథలో ఆఖరి భాగం మిగిలిపోయిందన్నా. గీసి పెట్టినాడు. నెట్లో పెట్టనీలేదు."

ఆ భాగం ఎందుకు మిగిలిందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

జమ్మలమడుగు హైస్కూల్లో ఆయన మాకు బొమ్మలు నేర్పారు. ఊళ్లో బాంబు పేలిందంటే బడికి సెలవిచ్చే ఏళ్లవి. మనిషి పొట్టి, మాట తక్కువ. "ముందు నేల గీయండ్రా. కాలు యాడ పెట్టినాడో తెలీకుండా మనిషిని గీయొద్దు" అనేవారు. నేను బొమ్మలు మానేసి వార్తలు రాయడానికి పోయినా ఆ మాట పట్టుకునే రాశాను. రాసినదానిలో నిలిచింది ఏదైనా ఉంటే అది దానివల్లే.

మాకు వింతగా ఉండింది ఆయన రాకపోకలు. ఒకరోజు పెద్ద బజారు గుండా సైకిల్ మీద వచ్చేవారు, మరునాడు ఏటి వైపు సందులోంచి నడిచి వచ్చేవారు. క్షవరానికి ఒకే అంగడికి వరసగా రెండుసార్లు పోయేవారు కాదు. బొమ్మల పోటీకి పేరివ్వాలని మాలో ఒకడు అడిగాడు.

"సార్, రేపు ఎన్ని గంటలకొస్తారు?"

"వచ్చినప్పుడు చూడు."

"బెల్లు కొట్టేలోగా వస్తారా సార్?"

"నా టైముతో నీకేం పనప్పా? ఎవురడగమన్నారు?"

తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు.

కారణం నేను విలేకరినయ్యాక తెలిసింది. ఆయన సొంతూరు సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. సారు అన్న ఆ ఊరి పార్టీ పెద్దమనిషి వెంట ఉన్నాడు. ఎవరో ఒకరి వెంట లేకుండా ఆ ఊళ్లో బతకడం కుదిరేది కాదు. ఎదుటి వర్గంతో పగలు ముదిరాక పెద్దమనిషి తన జీపును రోజుకో దారిలో తిప్పాడు. అన్నకు ఆ వీలు లేకపోయింది. గొర్రెలు పొద్దున పోయిన దారినే సాయంత్రం మళ్లుతాయి, అలవాటైన వంకలోనే నీళ్లు తాగుతాయి. చంపదలచినవాళ్లు అతన్ని వెతకలేదు. వంక దగ్గర కూర్చున్నారు, అంతే. సారు ఆ తర్వాత ఏ పనీ చెప్పిన వేళకు చేయలేదు.

కొన్నేళ్లకు రెండు వైపుల పెద్దలూ పులివెందులలో ఒకే వేదిక ఎక్కి ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. ఆ సభ వార్త నేనే రాశాను. తర్వాత కలిసినప్పుడు సారు ఆ పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వాళ్లు రాజీ అయిపోయినారు. మా అన్న ఎవురితో రాజీ కావాలప్పా?"

రిటైరయ్యాక ప్రొద్దుటూరు చేరి అన్న కథను బొమ్మల్లో గీయడం మొదలుపెట్టారు. కాగితం మీద నల్లసిరాతో గీసేవారు. కూతురు ఫోన్‌తో ఫొటోలు తీసి, మాటలు చేర్చి నెట్లో పెట్టేది. మొదటి భాగాలు జనం బాగా చదివారు. కమలాపురం నుంచి, ముద్దనూరు నుంచి, కువైట్‌లో కార్లు తోలే మనవాళ్ల నుంచి జవాబులు వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న, తర్వాతిది ఎప్పుడని.

సారు చెప్పలేదు. ఒక వారంలో మూడు భాగాలు వచ్చేవి, ఆపైన రెండు నెలలు ఏమీ ఉండేది కాదు. మళ్లీ ఏదో ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం ఒకటి కనిపించేది. చదివేవాళ్లు వచ్చి, లేదని చూసి వెనుదిరిగారు. అలా ఒకటి రెండుసార్లు పోయినవాళ్లు మళ్లీ రాలేదు.

ఒకరోజు వాళ్లింట్లో ఆ మాటే ఎత్తాను.

"టీ అంగడికి పేపరు ఆరుకు రావాల సార్. ఎనిమిదికొస్తే ఎంత మంచి వార్తున్నా దాంట్లో బజ్జీలు కట్టిస్తారు."

ఆయన కూతురు పక్కున నవ్వింది. "అన్నం ఏ పొద్దుకు ఒండాల్నో మా అమ్మకే చెప్పడు. ఊరోళ్లకు చెప్తాడా అన్నా?"

"బాగుంటే చదవరా?" అన్నారు సారు.

"బాగుంది సార్. కానీ మర్చిపోతారు. ప్రతి శుక్రవారం సాయంత్రం అని రాసి పెట్టండి. ఆ పూటకు వాళ్లే వస్తారు."

సారు సిరాబుడ్డికి మూత పెట్టారు. "కడాకు చదవాలప్పా. మావాళ్లూ చదవాల, వాళ్లోళ్లూ చదవాల. ఎవుని కోసం ఎవుడు సచ్చినాడో తెలియాల. సగంలో ఇడిసిపెడితే మా అన్న సగంలోనే నిలబడిపోతాడు" అన్నారు.

శుక్రవారానికి ఒప్పుకున్నారు. చదివేవాళ్లు తిరిగి వచ్చారు, మునుపటికంటే ఎక్కువమంది. సాయంత్రమయ్యేసరికి "డ్యూటీ దిగినా సార్, పెట్టండి" అని కువైట్ నుంచి ఒకరు రాసేవారు. "మా ఇంట్లో అందురం ఫోన్ ముందర కూచ్చోనుండాం" అని పులివెందుల టీచరమ్మ ఒకామె రాసేది. కథ సగం దాటింది.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి. వీధుల్లో జెండాలు, జీపులు మొదలయ్యాయి. ఒక శుక్రవారం ఆయన కూతురు రమ్మంటే వెళ్లాను. పట్టపగలు తలుపుకు గడియ వేసి ఉంది. సారు లోపలి గదిలో కూర్చుని ఉన్నారు.

"ఏమైంది సార్?"

"ఇంతమంది నా కోసం ఒక టైముకు కూచ్చోనుండారప్పా."

"చదవడానికి సార్."

"తెలుసు. తెలిసినా ఆ గడియ తీసేదానికి చెయ్యి రావడం లేదు."

"నాయనా, నువ్వు యాడికన్నా పోయిరా. ఫోను నొక్కేది నేనే కదా" అంది కూతురు.

"నువ్వు ఈడ్నే ఉంటావు కదా పాపా."

కూతురు ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఆ శుక్రవారం ఏమీ రాలేదు. తర్వాతి భాగం ఒక బుధవారం, ఎవరికీ చెప్పకుండా పెట్టించారు. ఆపైన మళ్లీ లేదు. "ఎలక్షన్లని ఎవురో దుడ్లిచ్చి ఆపించినారు" అని ఒకరు రాశారు. "సారు ఏ పార్టీకి అమ్ముడుపోయినాడో" అని ఇంకొకరు రాశారు. సారు అవి చదివారు. నిజం చెప్పమని కూతురు అడిగింది. "భయపడినానని ఎట్ల రాయాల పాపా, ఈ వయసులో?" అన్నారట.

ఆయన గీయడం మాత్రం మానలేదు. నా లెక్కలో మంచి బొమ్మలన్నీ ఆ తర్వాతవే. అవి ఏ రోజు వస్తాయో తెలియదు కాబట్టి ఎవరూ రాలేదు. టీచరమ్మ కొన్నాళ్లు చూసింది. ఆమె కూడా ఆగిపోయింది.

నేను చివరిసారి కలిసినప్పుడు ఆఖరి భాగం బల్ల మీద ఉంది.

"అయిపోయింది కదా సార్. పెట్టించండి."

"చూసేటోళ్లుంటే భయం. లేకుంటే ఎందుకు పెట్టేది? నువ్వు చెప్పప్పా."

బల్ల మీది కాగితాలు వరస పెట్టి ఇచ్చి వచ్చేశాను.

దినాలు అయిన మరునాటి మధ్యాహ్నం కూతురు ఆ కాగితాలు ఫొటోలు తీసింది.

"ఏ పొద్దు పెడదామన్నా?"

"ఇప్పుడే పెట్టమ్మా. ఇంక ఏ రోజైతేనేం."

పెట్టింది. సాయంత్రం దాకా చూశాం. నిన్న మళ్లీ చూశాను. ఆమె, నేను తప్ప ఆ భాగాన్ని ఎవరూ తెరవలేదు.

వంక దగ్గర జరిగింది సారు గీయలేదు. ఆఖరి బొమ్మలో పొద్దు వాలుతోంది. అన్న భార్య దొడ్డి తడిక తెరిచి పట్టుకుని ఉంది. గొర్రెలు రోజూ వచ్చే వేళకే వచ్చాయి. ముందున్నవి లోపలికి దూరుతున్నాయి. ఆమె వాటిని చూడటం లేదు, వాటి వెనక దారిని చూస్తోంది. ఆ దారి మీద దుమ్ము తప్ప సారు ఇంకేమీ గీయలేదు.