దాచమన్న చిలుం

ప్రొద్దుటూరులో మా నేతగాళ్ల వీధిలో మీసం మొలిచినవాడి నుంచి పళ్లూడినవాడి దాకా గంజాయి తాగేవాళ్లే. పక్కింటి మామ మాత్రం ప్రతి దమ్ముకూ "ఇదే కడాది" అని ఒట్టు పెట్టుకుని మరీ తాగేవాడు.

మత్తులో పోగులు తప్పుతున్నాయని మగ్గం యజమాని మామ మీద కోప్పడ్డాడు. ఇంకొక్క చీర చెడితే మగ్గం వదలాల్సిందేనన్నాడు. ఆ సాయంత్రం మామ తను గంజాయి పీల్చే మట్టి చిలుం తెచ్చి, దాచమని నా చేతిలో పెట్టాడు.

"నేను కాళ్లు పట్టుకున్నా ఇయ్యాకు అల్లుడా."

తెల్లారగానే గుమ్మంలో ఉన్నాడు. "యాడ పెట్టినావురా?"

"కాళ్లు పట్టుకోలేదే మామా?" అన్నాను.

నిజంగానే వంగాడు. నవ్వాపుకోలేక ఇచ్చేశాను.

ఇప్పటికీ ఈ కథ చెప్పి అందరినీ నవ్విస్తుంటాను. ఆయన వంగిన దగ్గరే ఆపేస్తాను. ఆ వారమే మగ్గం పోయిందని చెప్పను.