తాళం తియ్యని కిషన్ అన్న

ఈ పోస్ట్ రాయకూడదనే అనుకున్నాను.

నాకు ఫోన్‌లో టైప్ చేయడం రాదు, ఒక్క వేలితో పొడుస్తాను. పైగా ఒక మాట మొదలుపెట్టి ఇంకెక్కడికో పోతానని మా ఇంట్లో అందరికీ తెలుసు.

కానీ నిన్న పొద్దున నేను పనిచేసిన కాలేజీ పాత స్టూడెంట్స్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. "జువాలజీ ల్యాబ్ అటెండర్ కిషన్ నాయక్ ఇక లేరు." కింద వరసగా దండం బొమ్మలు.

రెండుసార్లు చదివాను.

మొన్న బిచ్కుంద అంగడిలో కనిపించి "ఏం తమ్మీ, ఇంక ఉన్నవా?" అని నన్ను అడిగిన మనిషి.

అటెండర్ అన్న ఒక్క ముక్కతో అయిపోయే మనిషి కాదాయన. అందుకే రాస్తున్నాను.

పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక తండా ఆయనది. డెబ్బైలలో మా బాన్సువాడ కాలేజీకి టెంపరరీగా వచ్చాడు. నేను అదే ల్యాబ్‌లో గాజు సీసాలు కడిగి సర్దేవాణ్ణి. నా చదువు ఏడో తరగతి. మిగతాదంతా ల్యాబ్ బీరువాలోని పుస్తకాలు, ఎవరూ చూడనప్పుడు.

ఒకసారి మా లెక్చరర్ హైదరాబాద్ నుంచి మూడు హాంస్టర్లు తెచ్చారు, వాటి నడవడిక స్టూడెంట్స్‌కు చూపించాలని.

చూడనివాళ్ల కోసం చెబుతున్నా. ఎలుక కన్నా బొద్దుగా, తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గింజలన్నీ బుగ్గల్లో కుక్కుకుని, పెళ్లి పంక్తిలో మా మేనమామ కూర్చున్నట్టు కూర్చుంటుంది. (ఆయన పోయి చాలా కాలమైంది, ఏమీ అనుకోడు.)

కిషన్ అన్న మూడింటినీ ఒకే బోనులో పెట్టాడు.

"ఒక్కతే ఉంటే బెంగ పెట్టుకుంటది తమ్మీ."

వాళ్ల తండాలో అంతే. ఎవరికైనా జ్వరమొస్తే మంచం చుట్టూ పదిమంది కూర్చుంటారు.

తెల్లారి చూస్తే ఒకదాని చెవి తెగి ఉంది. ఇంకోదాని వీపంతా గాట్లు.

ఆ పూట ఆయన సద్ది విప్పలేదు. సాయంత్రానికి మూడు బోన్లు వేరు చేశాడు.

"గివి మన లెక్క కాదు. వీటికి మంది ఉంటేనే ఫికర్."

నేనూ ఆ జాతేనని మా ఆవిడ అంటుంది. అది వేరే సంగతి.

బోనుల అడుగున ఇనుప జాలీ ఉండేది. వాటి పాదాలు పుండ్లు పడుతున్నాయని దాని మీద రేకు పరిచి, జానెడు మందాన ఎండుగడ్డి వేశాడు. అవి అందులో సొరంగాలు తవ్వుకునేవి. దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక చిన్న ఖాళీ డబ్బా. పగలు నిద్రపోయే జీవాలని తెలిశాక, సాయంత్రం దాకా స్టూడెంట్స్‌ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

మాతో తెలుగు. వాటితో మాత్రం తండా భాష.

పిల్లల కోసం లెక్చరర్ ఒక జతను కాసేపు కలిపి, మళ్లీ వేరు చేయించేవారు. మొదటి ఈతలో తప్పు నాది.

తల్లి పిల్లల్ని పెట్టిన రెండో రోజు, మంచిపని చేస్తున్నాననుకుని గడ్డి అంతా మార్చి, బోను ఫినాయిల్‌తో కడిగాను. మర్నాటికి పిల్లలు లేవు. తల్లే తినేసింది.

బెదిరినా, గూడు వాసన మారినా అలా చేస్తుందని తర్వాత పుస్తకంలో చదివాను. కిషన్ అన్నకు పుస్తకం అక్కర్లేకపోయింది.

"మన ఇండ్లల్ల పురిటి అర్రలకు ఎవలన్న పోతరా తమ్మీ?"



రెండో ఈతకు తల్లి బోనును ల్యాబ్ పక్కనున్న చిన్న గదిలో పెట్టి తాళం వేశాడు. బాలింత ఉన్న ఇంటికి కట్టినట్టు తలుపుకు వేపమండ కట్టాడు. పదకొండు రోజులు ఎవరికీ ప్రవేశం లేదు. గింజలు, నీళ్లు పెట్టడానికి తనొక్కడే, చెప్పులు విడిచి వెళ్లేవాడు.

మూడో రోజున ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

ఆ ఆఫీసర్ రాసే రిపోర్ట్ మీదే కిషన్ అన్న పర్మినెంట్ అయ్యేది, కానిది. ఆరేళ్లుగా దానికోసమే చూస్తున్నాడు. ఇంట్లో నలుగురు పిల్లలు.

"కిషన్, తాళం తియ్యి. సారు పిల్లలను చూస్తరట" అన్నాడు ప్రిన్సిపాల్.

"పురుడు సార్. ఇంక ఎనిమిది దినాలు ఆగుండ్రి."

"ఎవరికయ్యా పురుడు?" అన్నాడు ఆఫీసర్.

"లోపలున్న తల్లికి సార్."

"ఎలుకకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

కిషన్ అన్న నవ్వలేదు. "మీరు చూసి పోతరు సార్. మీరు పోయినంక అది పిల్లలను తింటది. అది చూడాల్సింది నేను."

"నీ పేరు రాసుకోమంటావా?"

"రాసుకోండ్రి సార్. కిషన్ నాయక్. తండా పేరు గూడ చెప్పాల్నా?"

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. "ఇంకో తాళంచెవి నీ దగ్గర ఉంటది గదా."

ఉంది. చొక్కా జేబులోనే ఉంది.

"ఇంట్ల మర్చిపోయిన సార్" అన్నాను.

మొత్తం సర్వీసులో నేను చేసిన మంచిపని ఏదంటే అదొక్కటే చెప్పుకుంటాను.

ఆఫీసర్ ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పర్మినెంట్ ఆర్డర్ ఇంకో నాలుగేళ్లకు గానీ రాలేదు. ఆ నాలుగేళ్లూ వదిన బీడీలు చుట్టి ఇల్లు లాక్కొచ్చింది.

ఒకసారి అడిగాను. "అన్నా, ఆ రోజు తాళం తీస్తే నీ పని అయిపోతుండె గదా?"

"అయిపోతుండె తమ్మీ. గా తల్లి మొఖం ఎట్ల చూడాలె మళ్ల?"

నెమ్మదిగా పోయి రా అన్నా. ఎక్కడున్నా నీ ప్రాణం చల్లగా ఉండాలి.

అసలు సంగతి చెప్పనేలేదు. పదకొండు రోజులు నిండాక, సాయంత్రం ఆయన తాళం తీశాడు. గడ్డి కొంచెం పక్కకు జరిపి చూశాడు. ఏడు పిల్లలు ఉన్నాయి. గడ్డి మళ్లీ కప్పి, తలుపు దగ్గరగా వేసి, ఇద్దరం చాయ్ తాగడానికి వెళ్లాం.