పడటం నేర్పిన చాచీ

మొన్న ఎండాకాలంలో కారం పట్టించడానికి హనుమకొండలో మా సందు చివరనున్న గిర్నికి వెళ్లాను. పచ్చళ్లు, పొడులు చేసి అమ్మడమే నా బతుకుతెరువు కాబట్టి ఆ ఘాటు నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు మిర్చి మరీ ఎండిందేమో, లోపల అడుగు పెట్టానో లేదో ఎర్రటి దుమ్ము ఒక్కసారిగా ముక్కులోకి ఎక్కింది. గట్టిగా తుమ్మాను. తుమ్మగానే నా కుడికాలు దానంతట అదే వెనక్కి జరిగింది. మోకాళ్లు వంగాయి. రెండు పిడికిళ్లూ బిగుసుకుని నడుము దగ్గరికి వచ్చాయి. గిర్ని అతను చేతిలో డబ్బా కింద పెట్టి, "ఏమైందక్కా, ఎవలన్న ఏమన్న అన్నరా?" అని కంగారుగా అడిగాడు. ఏమీ లేదు తమ్మీ అన్నాను గానీ, నలభై దాటిన ఆడమనిషి మిర్చి గిర్నిలో కొట్లాటకు సిద్ధమైనట్టు ఎందుకు నిలబడిందో అక్కడికక్కడ చెప్పడం నా వల్ల కాలేదు. అది చెప్పాలంటే మహబూబీ చాచీ గురించి చెప్పాలి.

నేను కరాటే నేర్చుకున్నది వరంగల్ కాశిబుగ్గలో, ఒక గిర్ని పైన. కింద గిర్ని, దాని మీద యాకూబ్ మాస్టర్ వాళ్ల ఇల్లు, ఆ పైన డాబా మీద రేకుల నీడలో వాళ్ల కరాటే బడి. మామూలు రోజుల్లో పిండి దుమ్ము లేచేది. మా తెల్ల బట్టలు ఎంత మాసినా తెల్లగానే కనిపించేవి. మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో మాత్రం కారం దుమ్ము. మాస్టర్ ఒక గుద్దు చూపిస్తే మేం ఒక గుద్దు గుద్ది ఒక తుమ్ము తుమ్మేవాళ్లం. మా పిల్లలు వేరే ఊళ్లకు పోటీలకు వెళ్తే, గుద్దుకూ గుద్దుకూ మధ్య కాసేపు ఎందుకు ఆగుతున్నారో అక్కడివాళ్లకు అర్థమయ్యేది కాదు. అదేదో వరంగల్ పద్ధతి అనుకునేవారట.

ఆ బడిలో నేర్పేవాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. ముగ్గురు. ఒకరి పద్ధతి ఇంకొకరికి గిట్టదు. యాకూబ్ మాస్టర్‌కు క్రమశిక్షణ ప్రాణం. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు నడుము వంచి దండం పెట్టాలి, పాఠానికి ముందు కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవాలి. ఆయన తండ్రిని మేం దాదా అనేవాళ్లం. పీర్ల పండుగలో పీర్ల ముందు కర్ర తిప్పుకుంటూ నడిచిన మనిషి. కర్ర లేని సాము ఆయన దృష్టిలో సామే కాదు. పైగా చెవుడు. మేమంతా కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడే ఆయన మెట్లెక్కి వచ్చేవారు. "ఏందిరా యాకూబ్, అందరు గిట్ల కూసున్నరు? ఎవలు పోయిండ్రు?" అని గట్టిగా అడిగేవారు. ఇక ఆ రోజుకు క్రమశిక్షణ అయిపోయినట్టే.

మూడో మనిషి మాస్టర్ భార్య మహబూబీ. మా అందరికీ చాచీ. పుట్టిల్లు డోర్నకల్. తండ్రిది రైల్వే పని. అన్నలంతా తాలీంలో కుస్తీ పట్టేవాళ్లు. ఇంటికి వచ్చాక నేర్చుకున్న పట్లు వేసి చూసుకోవడానికి వాళ్లకు దొరికింది ఈ చిన్న చెల్లెలు. "మా అన్నలు నేర్సుకున్నది ఎత్తేసుడు, నేను నేర్సుకున్నది పడుడు" అనేది చాచీ. దుపట్టా నడుముకు బిగించి కట్టుకుని ఆడపిల్లలకు నేర్పేది. కొట్టడం కాదు, పడటం. వెనక్కి ఎలా పడాలి, పక్కకు ఎలా పడాలి, పడుతూ గడ్డం ఛాతీకి ఎలా ఆనించుకోవాలి. మాస్టర్‌కు ఇది నచ్చేది కాదు.

"కరాటే అంటే దెబ్బ. ముందు దెబ్బ కొట్టుడు నేర్పాలె" అనేవాడు ఆయన.

"లోకంల దెబ్బ కొట్టేటోళ్లు ఎంతమంది ఉన్నరు, తినేటోళ్లు ఎంతమంది ఉన్నరు?" అనేది చాచీ. "ఎక్కువమందికి పనికొచ్చేది ముందుగాల నేర్పాలె."

నన్ను అక్కడ చేర్పించడానికి కారణం నా గొంతు. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఆయన "పరకాల, పరకాల" అని పిలిస్తే బస్టాండు అవతల చాయ్ తాగుతున్నవాళ్లు కూడా గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్లు. నాకేమో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినపడని గొంతు. బళ్లో టీచరు హాజరు పిలిస్తే నేను పలికేదాన్ని, ఆమెకు వినిపించేది కాదు, రానట్టు రాసుకునేది. చివరికి మీ అమ్మాయి కొన్ని వారాలుగా బడికి రావడం లేదని ఇంటికి కబురొచ్చింది. రోజూ తన చేత్తో బడి దగ్గర దింపుతున్న మా అమ్మ ఆ కబురు తెచ్చిన మనిషితో పెద్ద గొడవ పెట్టుకుంది. మర్నాడే నాన్న నన్ను గిర్ని మీదికి తీసుకెళ్లాడు.

"మాస్టర్ సాబ్, మా స్వప్నకు తన్నుడు రాకపోయినా ఫికర్ లేదు. జర అరుసుడు నేర్పుండ్రి" అన్నాడు.

కరాటేలో గుద్దుతో పాటు ఒక కేక వేయాలి. అందరూ వేస్తే రేకులు అదిరేవి. నా వంతు వచ్చేసరికి నోరు తెరుచుకునేది, అందులోంచి గాలి వచ్చేది. మాస్టర్ కోప్పడ్డాడు, బుజ్జగించాడు, పొట్ట మీద చెయ్యి పెట్టి ఇక్కడి నుంచి రావాలన్నాడు. లాభం లేకపోయింది. అప్పుడు చాచీ నన్ను చెయ్యి పట్టుకుని డాబా అంచుకు తీసుకెళ్లింది. కింద వీధిలో ఉల్లిగడ్డల బండి పోతోంది.

"గా బండాయనను ఆపు" అంది.

"అన్నా" అన్నాను. బండి మలుపు తిరిగిపోయింది.

"మంచిది. ఇయ్యాల మా ఇంట్ల ఉల్లిగడ్డ లేదు. రేపు ఆపుదువు" అంది చాచీ.

నవ్వులాటకు అందనుకున్నాను. కాదు. మర్నాడూ ఆ బండి ఆగలేదు, ఆ తర్వాత రోజూ ఆగలేదు. చాచీ ఇంకెక్కడా ఉల్లిగడ్డ కొనలేదు. పక్కింటివాళ్లు ఇస్తే కూడా తీసుకోలేదు. ఆ ఇంట్లో కూరలన్నీ ఉల్లిగడ్డ లేకుండానే వండింది. ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే యాకూబ్ మాస్టర్ తలుపు చాటు నుంచి నన్ను పిలిచాడు. క్రమశిక్షణకు మారుపేరైన మనిషి చేతులు జోడించాడు.

"బిడ్డా, నీకు దండం పెడతా, ఇయ్యాల జర గట్టిగ అరువు. నిన్న ఉల్లిగడ్డ లేకుంట ఖీమా ఒండింది. దాదా అన్నం ముట్టలె."

దాదా కూడా ఆ రోజు డాబా మీదికి వచ్చారు. కర్ర పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. బండి వచ్చింది. పిల్లలంతా గుద్దులు ఆపేసి అంచు దగ్గర గుమిగూడారు. నేను నోరు తెరిచాను. రాలేదు. బండి మలుపు దగ్గరికి పోతోంది. దాదా ముఖం చూశాను. అంత పెద్ద మనిషి, నా నోటి వంకే చూస్తున్నారు, కళ్లలో ఆశ. నా వల్ల ఈ ముసలాయన ఇవాళ కూడా పస్తుంటాడా అనిపించింది. ఆ క్షణంలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

"ఉల్లిగడ్డలన్నా! ఆగూ!"

బండి ఒక్కటే కాదు, దాని వెనకాల ఆటో ఆగింది. సైకిల్ మీద పోతున్నాయన కాలు కింద పెట్టాడు. కింద గిర్ని అతను బెల్టు తెగిందేమోనని మోటరు ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో, చెవుడున్న దాదా చెవి రుద్దుకుంటూ, "మెల్లగ, బిడ్డా, మెల్లగ" అన్నారు. చాచీ తాడు కట్టిన బుట్ట కిందికి వదిలి, నిండా ఉల్లిగడ్డలు పైకి లాగింది.

ఆ ఏడాదే బడి మూతపడేంత పని జరిగింది. వినాయక చవితి పందిట్లో ప్రదర్శన ఇవ్వమని వాడకట్టు యువకులు మాస్టర్‌ను పిలిచారు. ఆయన ప్రతి ఏటా పాత ఇంటి పెంకులు దొంతిగా పేర్చి ఒక్క దెబ్బతో పగలగొట్టేవాడు. ఈసారి ఆ యువకులకు మాస్టర్ మీద గౌరవం ఎక్కువైంది. అంత పెద్ద మనిషికి పాత పెంకులేమిటని, స్టేజీ మీద బాగా కనిపించాలని, ఒక షాబాదు బండ తెచ్చి పెట్టారు. మాస్టర్ దాన్ని చూశాడు. ఆయన ముఖం మారడం ముందు వరసలో కూర్చున్న మాకు కనిపించింది. కానీ మైకులో ఆయన పేరు అప్పటికే మోగుతోంది, వాడకట్టంతా చప్పట్లు కొడుతోంది. వెనక్కి తగ్గే మనిషి కాదు. కొట్టాడు. బండకు ఏమీ కాలేదు. మాస్టర్ నడుము వంచి దండం పెట్టి, నిదానంగా మెట్లు దిగి, ఆటో ఎక్కి, ఆటో మలుపు తిరిగాక అరిచాడట. అలాంటి కేక తన బడిలో ఎవరూ వేయలేదని తర్వాత చాచీ చెప్పింది.

దవాఖానలో చేతికి కట్టు కట్టారు. చాలా రోజులు చెయ్యి కదపకూడదన్నారు. బడి నేనే నడుపుతానంది చాచీ. అక్కడ మొదలైంది తంటా. మగపిల్లల తండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించసాగారు. ఆడామె ఏం నేర్పుతుంది, అదీ పడటం నేర్పుతుందట అని నవ్వారు. డాబా సగం ఖాళీ అయింది. మాస్టర్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని, కిందికి దిగిపోయే పిల్లల్ని చూస్తూ ఉండేవాడు. దండం పెట్టకుండా పోతున్నా ఏమీ అనేవాడు కాదు. మా నాన్న కూడా ఊగిసలాడాడు. "గొంతు వచ్చింది గదా, ఇగ చాలు తియ్యి" అన్నాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

చాచీ ఒక ఆదివారం తండ్రులందరినీ పిలిచింది. చాప పరిచింది. "మీకు పడుడు వస్తదంటే, మీ పిల్లలను తీస్కపోండ్రి" అంది. వాళ్లు నవ్వుతూనే లేచారు. చాచీ ఒక్కొక్కరినీ నెట్టింది. కిరాణా కొట్టాయన చాప మీద కాక చాప పక్కన పడ్డాడు. ఇంకొకాయన పడబోతూ మూడో ఆయన్ని పట్టుకుని ఇద్దరూ కలిసి పడ్డారు. చివరికి మా నాన్న వంతు. ఇక్కడ చాచీకి చిక్కు వచ్చిపడింది. ఎటు నెట్టినా నాన్న పడడం లేదు. గతుకుల రోడ్డు మీద బస్సులో ఏమీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. నెట్టిన వైపు ఊగి, మళ్లీ నిటారుగా నిలబడుతున్నాడు. తండ్రులంతా ఈలలు వేశారు. చాచీ కాసేపు ఆలోచించి, నాన్న భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "సార్, ఎనక సీటాయన టికెట్ తీసుకోలేదు" అంది.

నాన్న ఠక్కున వెనక్కి తిరిగాడు. మరుక్షణం చాప మీద వెల్లకిలా ఉన్నాడు. ఆయన తల కింద మాత్రం చాచీ అరచెయ్యి ఉంది.

నాన్న అలా పడుకునే రేకుల వంక చూస్తూ, "మేడం, మా బిడ్డ రేపటి సంది గంట ముందుగాల్నే వస్తది" అన్నాడు. కిరాణా కొట్టాయన మోచెయ్యి రుద్దుకుంటూ నవ్వాడు. మెట్ల మీద కూర్చున్న మాస్టర్ నవ్వాడు. వెళ్లిపోయిన పిల్లల్లో చాలామంది ఆ వారంలోనే తిరిగొచ్చారు. చెయ్యి నయమయ్యాక మాస్టర్ మళ్లీ దెబ్బలు నేర్పాడు, కానీ ముందు చాచీ దగ్గర పడటం నేర్చుకున్నవాళ్లకే.

చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్నప్పుడు, నేనొక టిఫిన్ సెంటర్ పెట్టాను. ఎంతో ఉబలాటంగా పెట్టాను. ఏడాది తిరక్కుండా మూసేశాను. మా ఆయన ఏమీ అనలేదు, అత్తగారూ ఏమీ అనలేదు. కానీ వీధిలోకి వెళ్తే అందరూ నన్నే చూస్తున్నట్టుండేది. ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఎవరు చెప్పారో తెలియదు, నాన్నే చెప్పి ఉంటాడు, ఒక మధ్యాహ్నం చాచీ రైలు దిగి మా ఇంటికి వచ్చింది. అప్పటికే మోకాళ్ల నొప్పులు. మంచం పక్కన నిలబడి నన్ను చూసింది.

"తలకు తగిలిందా?" అంది.

"తలకేంది, చాచీ?" అన్నాను.

"పడ్డవు గదా. తలకు తగిలిందా అని అడుగుతాన."

"లేదు."

"కాళ్లు చేతులు?"

"మంచిగనే ఉన్నయ్."

"మరి గింతసేపు పండుకునుడెందుకు? చాప మీద పడ్డోళ్లు లేవకపోతే ఎనకచ్చేటోళ్లు తొక్కుకుంట పోతరు. లే. ఆకలైతాంది, ఏమన్న పెట్టు."

లేచాను. చాచీ తింటానంటే పడుకుని ఉండేదెలా? దోశ వేసి, చట్నీ వేసి పెట్టాను. చాచీ ఒక ముక్క నమిలింది. ఇంకో ముక్క నమిలింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఎంత ప్రేమగా ఓదారుస్తుందో అనుకున్నాను.

"గీ దోశ తిన్నంక సమజైంది. నీ హోటల్ బంద్ గావాల్సిందే" అంది. "చట్నీ మాత్రం ఇంకింత ఎయ్యి."

నాకు నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు. నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది. చాచీ రెంటినీ పట్టించుకోకుండా చట్నీ అంతా ఊడ్చి తినేసి, రెండు డబ్బాల్లో పొడి, పచ్చడి పెట్టించుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోయింది. ఆ డబ్బాలు కాశిబుగ్గలో ఎవరెవరికి రుచి చూపించిందో గానీ, వారం తిరిగేసరికి నాకు పచ్చళ్ల పని మొదలైంది.

ఇప్పుడు చాచీ లేదు. మాస్టర్ బడి కొడుక్కి అప్పగించి, మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల దండాలు అందుకుంటూ ఉంటాడు. నా దగ్గర పనిచేసే ఆడవాళ్లలో ఒకరు ఆ మధ్య జాడీ జార్చేశారు. ఆవకాయంతా నేలపాలైంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఏడుస్తూ పనికి వస్తారు, కొందరు అసలు రావడమే మానేస్తారు. వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఎట్లా అయింది, ఎందుకయింది, ఎవరి తప్పు అనే మాటలు నా నోటిదాకా వస్తాయి. ఆపుకుంటాను. ముందు పక్కన కూర్చుని, ఎక్కడ తగిలిందని అడుగుతాను. సాధారణంగా వాళ్లు కాసేపు ఆలోచించుకుని, తగలలేదక్కా అంటారు. లేవడం వాళ్లే లేస్తారు.