తాళు అంటే తోశాడు

నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అవ్వ రోజుకొకసారైనా నాతో అనేది. ఊరు మదనపల్లె, దానికేం, మంచిదే. నా నోటి సంగతే చెప్పుకోవాలి. డిగ్రీ రెండో ఏడాదిలో ఆ నోటితో ఒక స్నేహితుణ్ణి చదువు మానుకునేదాకా తెచ్చాను. అంతా ఒక కంప్యూటర్ ఆట దగ్గర మొదలైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బస్టాండు వెనక ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఓనరు బెంగళూరు నుంచి సీడీలు తెచ్చి ఆటలు ఎక్కించేవాడు. వాటిలో ఒకటి మాకు పిచ్చిగా పట్టుకుంది. పాడుబడ్డ కోట, గబ్బిలాలు, శవపేటిక మూత తోసుకుని లేచే శవాలు, చిట్టచివరి గదిలో నెత్తురు తాగే దొర. ముగ్గురు వీరులు ఎడమ నుంచి కుడికి నరుక్కుంటూ పోవాలి. ప్రతి గది చివరా ఒక రాతి తలుపు ఉంటుంది. ఎవరు తోసినా తెరుచుకుంటుంది, కానీ ఒక్క క్షణంలో మూసుకుపోతుంది. అందుకని ముగ్గురూ దాని దగ్గరికి చేరాకే తోయాలి. వెనకబడ్డవాడు గబ్బిలాల పాలు.

మేమూ ముగ్గురమే. గొడ్డలి వీరుణ్ణి నేను. విల్లు పుంగనూరువాడిది. వాళ్లది ఆవులు మేపుకునే ఇల్లు, వాడికీ ఆవుకున్నంత ఓపిక. కత్తి కుప్పంవాడిది. వాళ్లు కుప్పం పక్క పల్లెలో సేద్యం చేసుకునేవాళ్లు. వీళ్లిద్దరూ మా ఊళ్లో ఒక గది తీసుకుని నాతోపాటే కాలేజీకి వచ్చేవాళ్లు. ఆరు చేతులూ ఒకే కీబోర్డు మీద పెట్టి, ఒకరి డొక్కలో ఒకరం మోచేతులు పొడుచుకుంటూ ఆడేవాళ్లం. మా ముగ్గురిలో కుప్పంవాడి చేయే చురుకు. నాకది కొంచెం కుళ్లు కూడా.

ఒక ఆదివారం పొద్దున మొదటిసారి ఆఖరి తలుపుదాకా వెళ్లాం. సెంటర్లో ఉన్న పిల్లకాయలంతా తమ ఆటలు మానేసి మా వెనక నిలబడ్డారు. కుప్పంవాడు తలుపు దగ్గరికి చేరాడు. నేనింకా నిచ్చెన మీదే ఉన్నాను, ప్రాణం ఒక్క బొట్టు మిగిలింది. నా కింద పుంగనూరువాడు.

"తాళు! తాళ్రా!" అని అరిచాను.

వాడు తోశాడు. తలుపు మూసుకుంది. మేమిద్దరం బయటే చచ్చాం. లోపల వాడొక్కడు దొర ముందు ఎంతసేపు నిలుస్తాడు?

"యాల తోసినావురా?" అన్నాను.

"నువ్వే గదప్పా, తళ్ళు తళ్ళు అని అరిస్తివి!"

మాకు తాళు అంటే ఆగమని. వాళ్ల ఊరి అంచునే తమిళనాడు. వాళ్లింటి మాటల్లో సగం తమిళం, అందులో తళ్ళు అంటే తోయి. ఆ గోలలో వాడి చెవికి ఇంటి మాటే తగిలింది. నవ్వుకుని ఇంకో ఆట మొదలుపెడితే పోయేది. నేను మాత్రం లేచి నిలబడి సెంటరంతా వినేట్టు అన్నాను.

"తెలుగు రాని అరవోన్ని పక్కన పెట్టుకుంటే ఇంతే!"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. అది చూసి వాడికేం బాధ లేదనుకున్నాను.

ఆ కథ మర్నాడు కాలేజీలో చెప్పింది కూడా నేనే. అంతే, వాడు తరగతి గుమ్మంలో కనిపిస్తే చాలు, "తళ్ళు, తళ్ళు" అని వెనక బెంచీల నుంచి ఒకటే గోల. వాడు మాటలు తగ్గించాడు. నోరు తెరిచే ముందు మా మొహాలు చూసేవాడు. ఆటలో కూడా, తోడేలు నా మీదికి దూకుతున్నా హెచ్చరించకుండా గమ్మున కూర్చునేవాడు. ఒక శనివారం ఇంటికి పోయొస్తానని వెళ్లి, మూడు వారాలైనా రాలేదు.

"రూములో గూడా మాట్లాడేది మానేసినాడు," అన్నాడు పుంగనూరువాడు. "నీ నోటికి దడిసే పోయినాడు. పిల్సుకొస్తాం పా."

బస్సులో వీకోట దాటేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. తీరా ఇంటి దగ్గర దిగులుగా ఎదురొచ్చింది వాళ్లమ్మ.

"సదువొద్దంట. టమాటా తోటలో పని సేసుకుంటాడంట. యాల అంటే సెప్పడు. మీరు సావాసగాళ్లు, మీరన్నా సెప్పండప్పా," అంది. కారణం ఆమె ముందే నిలబడి ఉందని ఆమెకు తెలియదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, "మోరు కావాల్నా అప్పా?" అని అడిగింది.

మా వైపు మోర అంటే పశువు మొహం. కోపమొస్తే మనిషి మొహాన్నీ అలాగే అంటాం. బస్సు దుమ్ము చూసి మొహం కడుక్కుంటావా అంటోందనుకుని, "ఇప్పుడే బోరింగు కాడ కడుక్కున్నా మా," అన్నాను.

ఆమె లోపలికి వెళ్లి ఒక తువాలు తెచ్చి ఇచ్చింది. నేను పొడి మొహాన్ని శ్రద్ధగా తుడుచుకున్నాను.

గుమ్మంలో నిలబడి మావాడు అదంతా చూస్తూనే ఉన్నాడు. లోపలికి పోయి, గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టి, వాళ్లమ్మకి వినపడకుండా వంగి చెప్పాడు.

"మోరంటే ఇదే."

వాడి స్థానంలో నేనుంటే ఊరంతా చాటింపు వేసేవాణ్ణి.

"నవ్వలేదేమిరా?" అని అడిగాను.

"మా ఊరికొచ్చినోనివి గదప్పా. నవ్వితే ఏం బాగుంటాది?"

దెప్పిపొడవాలని అన్న మాట కాదది. మామూలుగానే అన్నాడు. వాడు మా ఊరికొచ్చి ఏడాదిన్నర. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని మజ్జిగ తాగాను.

"తప్పు నాదిరా," అన్నాను. "నేనే నవ్వినాను, అందర్నీ నవ్వించినాను. కాలేజీలో అందరి ముందర అదే మాట సెప్తాను. మాతో రారా."

పుంగనూరువాడు కుప్పంవాడి భుజం మీద చేయి వేశాడు. వాడు మా ఇద్దర్నీ చూశాడు. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాడు. అక్కణ్ణుంచి వాడి గొంతు వినిపించింది.

"మా, ఉతికిన సొక్కాలు యాడ పెట్టినావు?"