డి-3 అంటే

బరంపురం గోసాని నువాగాంలో ఉండే సత్యభామ ఓ ప్రభుత్వాఫీసులో టైపిస్టు. డెబ్భైల చివర్లో ఆ ఆఫీసు ఎత్తేశారు. సర్వీసు బుక్కులో 'డి-3' అని కోడు వేసి ఆమెను పంపేశారు.

ఇంకో శాఖలో ఉద్యోగానికి వెళితే, అక్కడి హెడ్‌క్లర్కు శ్యామసుందరరావు ఆ కోడు చూసి ముఖం చిట్లించాడు. వాళ్ళ శాఖలో డి-3 అంటే తప్పు చేసినందుకు తీసేసిన మనిషి. ఆయన ఇల్లూ సత్యభామ ఉండే వీధిలోనే. వారం తిరక్కుండా "సత్యభామ దొంగట" అని వీధంతా పాకింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి బిందెలు దూరం జరుపుకున్నారు.

ఆమె ఏడవలేదు. పాత శాఖ పెద్దాఫీసుకి వెళ్ళి, తమ దగ్గర డి-3 అంటే పోస్టు రద్దయిందనే అర్థమని రాయించుకొచ్చి శ్యామసుందరరావు బల్ల మీద పెట్టింది.

"సరేలెండమ్మా, కోడు దగ్గర పొరపాటైపోనాది. సోమవారం వచ్చి జాయినైపొండి," అన్నాడాయన.

"దొంగనని వీధిలో సెప్పారు కదా. కాదనీ ఆ వీధిలోనే సెప్పండి."

"అదేటమ్మా! నా పరువేటి కావాల?"

ఆయన చెప్పలేదు. ఆమె సోమవారం చేరింది. ఆయన రాసిచ్చిన చిత్తుప్రతులన్నీ టైపు చేసింది. రోజూ ఆయన పెట్టే నమస్కారానికి మాత్రం, ఆయన రిటైరయ్యేదాకా, తిరిగి చేతులెత్తలేదు.