జానీ బాషా చూపించిన ఎర్ర చుక్కలు

తెనాలిలో జానీ బాషా రిపేరు కొట్టు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. రేడియోలతో మొదలుపెట్టి, టేప్ రికార్డర్లు, డబ్బా టీవీల మీదుగా ఇన్వర్టర్ల దాకా వచ్చాడు. కాలం మారినప్పుడల్లా పక్కవాళ్లు షట్టర్లు దించేసుకున్నారు గానీ, ఈయన మాత్రం కొత్త విద్యేదో నేర్చుకుని నిలదొక్కుకున్నాడు. పనిమంతుడే, వంక పెట్టడానికి లేదు. ఉన్నదల్లా చేసిన పని పదిమందికీ చూపించుకునే జబ్బు. టీవీ పట్టుకెళ్లడానికి ఎవరైనా వస్తే, వెనక మూత విప్పి తానేం చేశాడో చూపించందే వదిలేవాడు కాదు. వాళ్లు బస్సుకి టైమైందని మొత్తుకున్నా సరే.

కూతురు ఫర్జానా బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. కిందటేడు ఆ పిల్ల పేకముక్కల పెట్టంత కంప్యూటరొకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆదివారాలు బాపట్ల వెళ్లి కూతురి దగ్గరే పాఠాలు చెప్పించుకున్నాడు. నాలుగు నెలలు దాంతో కుస్తీ పట్టి, చివరికి అది తన మాట వినేలా చేసుకున్నాడు.

నిజాంపట్నం హార్బరులో మోషే అనే ఆయనకి బోటుంది. ఆ బోటులో జీపీఎస్ ఒక మూల, నీళ్ల కింద చేపల జాడ చూపే మిషను ఇంకో మూల, ఇంజను వేడి చూపే మీటరు కింద ఎక్కడో. దేని గోల దానిదే. బాషా ఆ మూడింటి నుంచీ వైర్లు లాగి బుల్లి కంప్యూటరుకి కలిపాడు. ఉప్పుగాలి తగలకుండా దాన్ని రబ్బరు మూత ఉన్న టిఫిన్ బాక్సులో బిగించాడు. అంతే, లోతూ దారీ ఇంజను వేడీ అన్నీ ఒకే తెర మీద, ఫోనులో కనబడసాగాయి. తేడా వస్తే ఇంటి దగ్గర కూర్చుని చూసుకోవచ్చని ఆ తెరకి నకలొకటి తన ఫోనులోకీ దించుకున్నాడు.

ఆ పని చేసిన వారం రోజులూ ఒక సంగతి గమనించాడు. బోటు ఒడ్డుకి రాగానే మోషే జీపీఎస్ మిషనుని ఊడదీసి, తువ్వాల్లో చుట్టి ఇంటికి పట్టుకుపోయేవాడు. దొంగల భయం కాబోలనుకున్నాడు బాషా. అడిగితే తెలిసేది. అడగలేదు.

పని పూర్తయిన రోజు హార్బరు టీ కొట్టు దగ్గర ముగ్గురు బోటు యజమానులు పలకరించారు. ఇక ఈయన ఆగుతాడా? ఫోను తీసి తెర చూపించాడు. సముద్రం పటం మీద నలభై దాకా ఎర్ర చుక్కలున్నాయి. అవేంటో బాషాకి తెలియదు. తెరకి అందం వచ్చిందని మాత్రం మురిసిపోయాడు. ఇంజను వేడి గురించి ఈయన చెబుతూనే ఉన్నాడు, వాళ్లు వింటున్నట్టే తలలూపారు. ఒకాయన ఫోను చేతిలోకి తీసుకుని, "కాస్త పెద్దది చేసి చూపించు బాబాయ్" అన్నాడు. బాషా సంతోషంగా పెద్దది చేశాడు. వాళ్లు తమ ఫోన్లతో ఫొటోలు తీసుకుంటే, నా పని ఎంత నచ్చిందో అని పొంగిపోయాడు కూడా. రేపల్లెలో రైలెక్కి తెనాలి దాకా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాడు.

పన్నెండో రోజు పొద్దున కొట్టు తీస్తుండగా మోషే ఫోన్ చేశాడు. ఆ డబ్బాకి తాళంలాంటిదేదో పెట్టాలి, తను తప్ప ఎవరూ చూడకూడదు అన్నాడు. గొంతు మామూలుగా లేదు. ఏమైందండీ అని అడిగితే చెప్పాడు. వంజరం చేపలు దొరికే రాళ్ల చోటికి మొన్న తెల్లారగట్ల వెళ్లేసరికి అక్కడ అప్పటికే ఏడు బోట్లు వలలేసి ఉన్నాయట. రెండో చోటికి వెళితే అక్కడా అంతే. వాళ్ల నాన్న బతుకంతా వెతికి పట్టుకున్న చోట్లవి. ఒడ్డు మీద పెళ్లానికైనా చెప్పరట.

"నాకూ మా బావ బాబూరావుకీ తప్ప మూడో మనిషికి తెలీదండి. బైబిలు మీద చెయ్యేయించి అడిగాను. చెప్పలేదంటాడు. పద్దెనిమిదేళ్లు నా బోటు నడిపిన మనిషి. నిన్న జెట్టీ మీద అందరి ముందూ పనిలోంచి దింపేశాను."

ఆ చోట్లు ఎవరికైనా ఎలా తెలుస్తాయని అడిగాడు బాషా.

"మీ తెర మీద ఎర్ర చుక్కలున్నాయి చూడండి, నా జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నవి, అవే."

ఫోను ఎప్పుడు పెట్టేశాడో బాషాకి తెలియదు. సగం ఎత్తిన షట్టరు కింద అలాగే కూలబడ్డాడు. ముగ్గురూ తన ఫోను మీదికి వంగిన తీరు, ఆ ఫొటోలు, పెద్దది చేయమన్న మాట ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. దొంగకి ఇల్లు చూపించడం కాదు, బీరువా తెరిచి దీపం పట్టుకుని నిలబడ్డాడు. దానికి మెప్పు కూడా ఆశించాడు!

భార్య రజియాకి అంతా చెప్పాడు. ఆ ముగ్గురూ ఎలాగూ నోరు విప్పరని, ఈయన చెప్పకపోతే ఎవరికీ తెలియదని మెల్లగా అంది. చెడ్డ మనిషి కాదు, మొగుడి పరువు కోసం అలా అంది. బాషా ఆమె ముఖం చూడలేకపోయాడు. ఒక్క క్షణం ఆ మాట తనకీ తోచింది మరి. చొక్కా మార్చుకుని రేపల్లె రైలెక్కాడు.

మోషే జెట్టీ మీద వల చూసుకుంటున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. అందరి ముందూ దింపేసిన మాట గుర్తుండి, బాషా కూడా అందరి ముందే చెప్పాడు.

"బాబూరావు గారు చెప్పలేదండి. నేను చూపించాను. నా ఫోనులో, నా చేతులతో, ఆ టీ కొట్టు దగ్గరే."

వల మోషే చేతిలోంచి జారింది. తిడతాడనుకున్నాడు బాషా, కొట్టినా పడదామనుకునే వచ్చాడు. మోషే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా బాబూరావు ఇంటి వైపు నడిచాడు. బాషా వెనకే వెళ్లాడు.

బాబూరావు అరుగు మీద కూర్చున్నాడు. బాషానే మళ్లీ మొత్తం చెప్పాడు. బాబూరావు ఆసాంతం విన్నాడు. లేచి లోపలి నుంచి కుర్చీ తెచ్చి, కూర్చోండి అని బాషాకి వేశాడు. రేపట్నుంచి బోటు నువ్వే నడపాలి బావా అని మోషే బతిమాలాడు.

"ఈయన తెలీక చూపించాడు. పద్దెనిమిదేళ్లు పక్కన కూర్చున్న నీకు నేనేంటో తెలీదా?" అని, బాబూరావు లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.