ఎర్రరంగు పడ్డ పొట్టేలు

హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధకురాలు శోభ, తెల్లారి రక్తం తీయాల్సిన పొట్టేలు వీపు మీద సాయంత్రమే ఎర్రరంగు పూసింది. తెల్లారేసరికి పొట్టేలు మక్తల్ సంతకు వెళ్లిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ పల్లెలో వీపున ఎర్రరంగు పడిందంటే బేరం కుదిరిందని లెక్క. గొర్రెల వ్యాపారి నూరుద్దీన్ తను రంగు పూసిపోయిన వాటితో పాటు దీన్నీ పద్ధతిగా ఆటోలో ఎక్కించాడు.

ఆ పొట్టేలు గుర్వమ్మది. అది పగలంతా కళ్లు కానక గోడలకు గుద్దుకుంటుంది, పొద్దుగూకితే మందకు ముందు నడుస్తుంది. ఆమె మనవరాలు మల్లీశ్వరిదీ అదే తీరు. ఎండలో కళ్లు తెరవలేదు. బడిలో సారు దాన్ని నటన అని తేల్చి, పిల్లను మాన్పించమన్నాడు. గుర్వమ్మ ఈ పోలిక కంటి దవాఖానలో చెబితే విని శోభ ఇంత దూరం వచ్చింది.

"పిల్ల రోగానికి గొర్రె నెత్తురెందుకు బిడ్డా?" అని గుర్వమ్మ ముందురోజే అడిగింది.

"ఒళ్లు ఎట్ల తయారుగావాల్నో ప్రతి జీవి కణాలల్ల రాసుంటది అవ్వా. గొర్రెది, మనిషిది పక్కపక్కన పెడితే శానా జాగాల ఒక్కతీరే ఉంటయి. గొర్రెల ఏడ చెడ్డదో దొరికితే, పిల్లల గూడ ఆడ వెతుకుతం."

"అంటే రెండు గొంగళ్లు పరిచి, పోగు ఏడ తెగిందో చూసుడు."

"గంతే."

"కోడిది గూడ చూస్తరా?"

"చూస్తరు."

"చెరువుల చాపది?"

"చాపది గూడ."

"మా ముసలాయనది?"

"ఇంట్ల అందరిదీ కావాలె."

పక్కనే బీడీ తాగుతున్న ఆమె పెనిమిటి ఐలేశం లేచి బయటికి పోయాడు.

ఇప్పుడు పొట్టేలే లేదు. గుర్వమ్మ సంతకు ఉరికింది.

"రంగు పడ్డంక మాట తప్పుడేంది అవ్వా?" అన్నాడు నూరుద్దీన్.

"ఆ రంగు డాక్టరమ్మది."

"రంగు మీద పేరుంటదా?"

చివరికి మందలోకెల్లా బలిసిన పొట్టేలును బదులుగా ఇచ్చి, గోడలకు గుద్దుకునేదాన్ని ఇంటికి తోలుకొచ్చింది.

పొట్టేలుదీ ఇంట్లోవాళ్లదీ రక్తం తీసుకుపోయిన శోభ కొన్ని నెలలకు ఫలితంతో మళ్లీ వచ్చింది. పొట్టేలులోనూ పిల్లలోనూ ఒకే జన్యువు చెడింది, చెడిన చోటు మాత్రం కాస్త అటూఇటూ. ఇప్పటికైతే మందు లేదని దాచకుండా చెప్పింది. నటన కాదని సారుకూ చెప్పి, ఎండ పడని ముందు బెంచీ అడిగింది, నల్లద్దాలు ఇప్పించింది. మల్లీశ్వరి మర్నాడు అవి పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఒక్కతే బడి నుంచి నడిచొచ్చింది.

ఆ సంబరంలోనూ ఐలేశం గొణుగుడు ఆగలేదు. "బంగారమసొంటి పొట్టేలునిచ్చి దీన్ని తెచ్చినవ్. మొత్తం దడి కూలగొట్టింది!"

గుర్వమ్మ అంది: "దానికి గూడ నల్లద్దాలు పెట్టిస్త, జర ఊకో."